వైశ్వానరుడికి భయాన్ని వడ్డించకండి

అహం వైశ్వానరో భూత్వా ప్రాణినాం దేహమాశ్రితః
ప్రాణాపానసమాయుక్తః పచామ్యన్నం చతుర్విధమ్

ప్రాణుల దేహంలో వైశ్వానరుడనే అగ్నిగా ఉండి నాలుగు విధాల అన్నాన్ని నేనే అరిగిస్తానని గీతలో శ్రీకృష్ణుడు చెప్పిన మాట ఇది. భోజనానికి ముందు ఈ శ్లోకం చదివే ఇళ్లు మనలో ఇంకా చాలానే ఉన్నాయి. చదివే తీరు చూస్తేనే బాధ కలుగుతుంది. ‘చతుర్విధమ్’ ఇంకా నోట్లో ఉండగానే చేయి కంచంలో, కళ్లు ఫోనులో. ఎవరికి నివేదించామో, ఎవరు వండి అరిగిస్తానన్నాడో మొదటి ముద్దకే మరిచిపోతాం.

షుగర్ బోర్డర్‌లో ఉందని తెలిసినవాళ్ల తీరు మరొకటి. కంచం ముందు కూర్చోగానే వాళ్లకు గుండె దడ. అన్నం అంటే విషం, పండు అంటే శత్రువు. ఆ పంక్తిలో నేనూ కూర్చున్నాను కనుకే ఇది రాస్తున్నాను. నిరుడు పరీక్షలో, రక్తంలో చక్కెర సగటును చెప్పే నా హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే ప్రీడయాబెటిస్ అంటారు. మందులు అక్కర్లేదు, అన్నం తగ్గించి కూరా పప్పూ పెంచండి, రోజూ నడవండి, మూడు నెలలకు మళ్లీ చూద్దాం అన్నారు డాక్టరుగారు. ఆయన మాట ఎంత నెమ్మదిగా ఉన్నా నా మనసు నెమ్మదించలేదు. మా నాన్నగారికి షుగర్ వల్ల కాలి వేలు తీసేయవలసి వచ్చింది. అది కళ్లారా చూసినవాళ్లకు 6.1 ఒట్టి అంకెగా కనిపించదు. దాహం వేస్తే భయం, కాలు తిమ్మిరెక్కితే భయం, అర్ధరాత్రి లేచి ఫోనులో లక్షణాలు వెతుక్కోవడం.

ఆ రోజుల్లో నన్ను పట్టి నిలబెట్టింది ఛాందోగ్య ఉపనిషత్తు అయిదో అధ్యాయం. వైశ్వానరుణ్ణి తెలుసుకోవాలని ఉద్దాలక మహర్షితో కలిసి వచ్చినవారికి కేకయరాజు అశ్వపతి చెప్పిన మాటలు ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు. తినేవాడి దేహమే యజ్ఞశాల అంటాడాయన. రొమ్ము వేదిక, రోమాలు దర్భలు, హృదయం గార్హపత్యం, మనస్సు అన్వాహార్యపచనం, నోరు ఆహుతులు వేసే ఆహవనీయం. మనం నోటిలో పెట్టే ముద్ద ఒక్కటే చూస్తాం, అక్కడ వెలుగుతున్నవి మూడు అగ్నులు. అందులో మనస్సుకు ఇచ్చిన స్థానం చూడండి. అన్వాహార్యపచనం అంటే దక్షిణాగ్ని, పితృదేవతల దిక్కున ఉండే అగ్ని. నా భయం ఎక్కడి నుంచి వచ్చింది? మా నాన్నగారి కాలి గాయం నుంచే కదా! షుగర్ భయంతో వణికేవాళ్లలో చాలామందికి అది తల్లిదండ్రుల మంచం పక్కన పుట్టిన భయమే. ఆ అగ్ని పొగలు కక్కుతుంటే తక్కిన రెండూ సరిగా మండవు. వైద్యులు చెప్పేదీ ఇదే. భయపడినప్పుడు ఊరే కార్టిసాల్, అడ్రినలిన్ కాలేయంలో దాచిన చక్కెరను రక్తంలోకి వదిలిస్తాయి.

మరి ఆ పొగ ఆర్పేదెలా? యజ్ఞశాలలో గార్హపత్యమే మూలాగ్ని, తక్కిన అగ్నులకు నిప్పు అక్కడి నుంచే తీసుకుంటారు. కాబట్టి మనస్సుతో కుస్తీ పట్టవద్దు, హృదయం దగ్గరికి వెళ్లండి. కంచం ముందు ఒక్క నిమిషం కళ్లు మూసుకుని, నాన్నగారు తిన్న అన్నాన్ని అరిగించి ఆయనను పోషించిన స్వామే నా లోపలా ఉన్నాడని తలచుకోండి. నాకైతే ఆ ఒక్క నిమిషంలో కళ్లు చెమర్చేవి, ఆ తర్వాత ముద్ద గొంతు దిగేది. ఈ ఎరుక లేకుండా చేసే హోమం నిప్పులు పక్కకు తోసి బూడిదలో ఆహుతి వేయడమేనని ఆ ఉపనిషత్తే అంటుంది.

హోమం అన్నాక కొలత ఉంటుంది. నెయ్యి స్రువం అనే చెక్క గరిటెతో వేస్తారు, డబ్బా బోర్లించరు. ‘ప్రసాదమే కదా, ఏమీ కాదు’ అంటూ గిన్నెడు కేసరి తినేవాళ్లూ, చక్కెర ఉందని ప్రసాదాన్ని పక్కకు తోసేసేవాళ్లూ ఇద్దరూ పొరబడుతున్నారు. సత్యనారాయణ వ్రతంలో నైవేద్యాన్నే సపాదం, అంటే ఒకటింపావు లెక్కన చేయమన్నారు. కణమంత కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంటే ప్రసాదం దక్కినట్టే. ఇక ఏకాదశి పేరుతో సగ్గుబియ్యం కిచిడీ, బంగాళాదుంప వేపుడు లాగించడం ఏ ఉపవాసం? సగ్గుబియ్యం అంతా పిండిపదార్థమే. ఉదయం, సాయంత్రం రెండు పూటలు భోంచేసి నడుమ ఏమీ తినకుంటే అదే ఉపవాసమని మహాభారతం శాంతిపర్వంలో ఉంది. నడుమ చిరుతిళ్లు మానడమే మనలో చాలామందికి కావలసిన తపస్సు. మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు మాత్రం డాక్టరును అడగకుండా ఏ ఉపవాసానికీ దిగవద్దు.

దేవుడే చూసుకుంటాడని పరీక్షలు ఎగ్గొట్టడం భక్తి కాదు. 2002లో అమెరికాలో వెలువడిన పెద్ద పరిశోధనలో ప్రీడయాబెటిస్ ఉన్నవారిని వారానికి 150 నిమిషాలు నడిపించి, బరువు 7 శాతం తగ్గేలా సాయపడితే, మధుమేహంలోకి జారడం 58 శాతం తగ్గింది. దారి తెరిచే ఉంది, నడవండి. భోజనమయ్యాక కాసేపు నడిస్తే కండరాలు ఆ చక్కెరను వాడుకుంటాయి. నారాయణ నామం చెప్పుకుంటూ నడిస్తే అది ప్రదక్షిణ అవుతుంది. హెచ్‌బీఏ1సీ రెండు మూడు నెలల సగటును చెబుతుంది. డాక్టరు చెప్పకుండా పూటపూటా వేలు గుచ్చుకున్నంత మాత్రాన అది దిగిరాదు.

ఇంట్లో ఇలా భయపడేవారు ఉంటే మిగతావాళ్లకు ఒక మాట. ఆకలిగొన్న పిల్లలు తల్లి చుట్టూ చేరినట్టు సకల ప్రాణులూ భోజనమనే ఈ అగ్నిహోత్రం చుట్టూ చేరతాయంటుంది అదే ఉపనిషత్తు. కాబట్టి భయపడేవాళ్లను ఒంటరిగా కూర్చోబెట్టకండి. వాళ్ల కంచంలోకి తొంగిచూసి లెక్కలు కట్టకండి, ‘నీకు స్వీటు లేదులే’ అని నలుగురిలో ఎత్తిపొడవకండి. వాళ్లు తినే జొన్నరొట్టే మీరూ వడ్డించుకోండి, శ్లోకం అందరూ కలిసి చదవండి, ఆ అరగంటా ఫోను పక్క గదిలో పెట్టండి.