మనీలాలో ఆ బుధవారం

తెల్లవారి ఆరు గంటలకి షిఫ్టు అయిపోయింది. ఒక్కరూ ఇంటికి పోలేదు. అది 2008 నవంబర్ 5, బుధవారం. అమెరికాలో ఇంకా మంగళవారం సాయంత్రమే, అధ్యక్ష ఎన్నికల పోలింగ్ నడుస్తోంది.

మనీలాలోని ఓర్తిగాస్‌లో మా ఆఫీసు. బిల్డింగు వెనక సందులో ఒక కరిందెరియా ఉండేది. మన మెస్సు లాంటిదే. వండిన గిన్నెలు వరసగా పెట్టి ఉంటాయి, ఏది కావాలో వేలితో చూపిస్తే వడ్డిస్తారు. నడిపే ఆవిణ్ణి అందరూ నానాయ్ అని పిలిచేవాళ్ళు, అంటే అమ్మ. మామూలుగా ఆ టైముకి వెల్లుల్లి అన్నం, గుడ్డు, వేయించిన ఎండుచేప తినేసి ఎవరి రూటు జీప్నీ వాళ్ళు ఎక్కేసేవాళ్ళం. జీప్నీ అంటే అక్కడి షేర్ బండి. ఆ రోజు నానాయ్ కుర్చీలన్నీ టీవీ వైపు తిప్పించింది.

నేను హైదరాబాదు నుంచి వెళ్ళి అప్పటికి ఏడాదిన్నర. అమెరికా వాళ్ళ క్రెడిట్ కార్డుల పని. నాది క్వాలిటీ, అంటే మా కాల్ సెంటర్ పిల్లలు మాట్లాడిన కాల్స్ విని మార్కులు వేయడం. సెప్టెంబర్‌లో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద అమెరికా బ్యాంకు కూలిపోయిన దగ్గర్నుంచి ఆ కాల్స్ తీరే మారిపోయింది. అంతకుముందు వడ్డీ ఎక్కువ వేశారని గొడవ పడేవాళ్ళు. ఇప్పుడు ఏడుస్తున్నారు. ఒహాయో నుంచి ఒకావిడ, ఇల్లు బ్యాంకు తీసేసుకుంటోంది, ఇంక ఈ కార్డు బాకీ ఎట్లా కట్టాలో నువ్వే చెప్పు బాబూ అని అడిగింది. అవతల హెడ్‌సెట్ పెట్టుకున్న కుర్రాడికి ఇరవై మూడేళ్ళు. స్క్రిప్టు చదవలేక పదకొండు సెకన్లు ఊరుకున్నాడు. లెక్క ప్రకారం ఆ మౌనానికి మార్కులు తగ్గించాలి. నేను తగ్గించలేదు.

అందుకే ఆ ఎన్నిక మాకు పరాయిది కాదు. రాత్రంతా వాళ్ళ కష్టం వింటూ కూర్చున్నవాళ్ళం.

అలాగని అందరూ ఒబామా వైపు లేరు. టీమ్ లీడర్లలో చాలామందికి ఆయనంటే టెన్షన్. ఉద్యోగాలు బయటి దేశాలకి పంపే కంపెనీలకి పన్ను రాయితీలు ఆపేస్తానని సభల్లో పదేపదే చెప్పాడు. ఆ బయటి దేశం మేమే. లోన్ మీద ఇల్లు కొన్నవాళ్ళు, తమ్ముణ్ణి నర్సింగ్ చదివిస్తున్నవాళ్ళు ఒబామా ప్రత్యర్థి మెకెయిన్ గెలిస్తే చాలని మొక్కుకున్నారు. మెకెయిన్ ఇంటిపేరు ఫిలిప్పీన్స్‌కి కొత్తది కాదు కూడా. వాళ్ళ తాత అడ్మిరల్. 1944లో జపాన్ వాళ్ళ నుంచి ఈ దీవుల్ని విడిపించే యుద్ధంలో విమాన వాహక నౌకల దళాన్ని నడిపినవాడు. వియత్నాం యుద్ధంలో పట్టుబడ్డ మెకెయిన్‌ని 1973లో హనోయి జైలు నుంచి వదిలేసినప్పుడు ముందు తీసుకొచ్చింది కూడా ఇక్కడి క్లార్క్ వైమానిక స్థావరానికే.

నానాయ్ వాళ్ళ నాన్న మెకెయిన్ పక్షం. తొంభైకి దగ్గరపడ్డ మనిషి, మేమంతా లోలో అనేవాళ్ళం, తాతయ్య అని. నానాయ్ మాత్రం ఒబామా. వాళ్ళది ఇలోకోస్. 1906 నుంచి హవాయి చెరకు తోటలకి కూలీలుగా వెళ్ళింది ఎక్కువగా ఆ ప్రాంతం వాళ్ళే. నానాయ్ పినతండ్రి కుటుంబం ఇప్పటికీ అక్కడి వైపాహులో ఉంది. ఒబామా పుట్టింది హవాయిలో, చిన్నప్పుడు నాలుగేళ్ళు పెరిగింది పక్కనే ఉన్న జకార్తాలో. ఇంకేం కావాలి ఆవిడకి? "మా కబాబయాన్" అనేది. అంటే మా ఊరివాడు, మావాడు అని. తండ్రీ కూతుళ్ళిద్దరూ పొద్దున్నుంచీ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

లోలో సంగతి ఇక్కడే చెప్పేయాలి. 1941లో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆజ్ఞతో ఫిలిపినో సైనికులు అమెరికా సైన్యం కింద పనిచేశారు. అమెరికా సైనికుడికి ఇచ్చేవన్నీ వీళ్ళకీ ఇస్తామన్నారు. యుద్ధం గెలిచాక, 1946లో ఒక చట్టం చేసి ఆ హక్కులు లాగేసుకున్నారు. అరవై ఏళ్ళు వీళ్ళు అర్జీలు పెడుతూనే ఉన్నారు. వాళ్ళలో ఒకడైన లోలో అభిప్రాయం, సైనికుడి బాధ సైనికుడికే తెలుస్తుంది, మెకెయిన్ వస్తేనే మా పని అవుతుందని. చివరికి 2009 ఫిబ్రవరిలో సంతకం పెట్టింది ఒబామా. అమెరికా పౌరులైన వెటరన్లకి 15,000 డాలర్లు, కానివాళ్ళకి 9,000, ఒక్కసారే. పుచ్చుకుంటే ఇంక ఏ బాకీ లేనట్టే అని ఆ చట్టంలోనే రాసి ఉంది. లోలో 9,000 తీసుకున్నాడు. ఇంటి రేకులు మార్పించారు. సంతకం పెట్టేముందు పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడని నానాయ్ చెప్పింది. ఆ మనిషికి అంత తక్కువిచ్చి చెల్లు అనిపించుకోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మళ్ళీ ఆ బుధవారానికి వస్తాను.

పదిన్నర ప్రాంతంలో ఒహాయో ఒబామాకి వెళ్ళిందని టీవీలో వేశారు. మా కుర్రాడు లేచి నిలబడ్డాడు, ఆ ఒహాయో కాల్ తీసుకున్నవాడు. ఏమీ అనలేదు, మళ్ళీ కూర్చున్నాడు. సరిగ్గా పన్నెండింటికి ఒబామా గెలిచాడని తేలిపోయింది. నానాయ్ గరిటె పట్టుకునే చప్పట్లు కొట్టింది. చింతపండు వేసి కాచే పులుసు ఒకటుంటుంది వాళ్ళకి, సినిగాంగ్. నాకు ఆ దేశంలో అమ్మ చేతి వంట గుర్తొచ్చేది దానితోనే. అది అందరికీ ఒక్కో గిన్నె ఉచితంగా పోసింది, మెకెయిన్ వాళ్ళకి కూడా.

కానీ ఆ సందు మొత్తం నిశ్శబ్దమైపోయింది అప్పుడు కాదు, ఇంకో ఇరవై నిమిషాలకి. మెకెయిన్ వచ్చి ఓటమి ఒప్పుకున్నప్పుడు. ఆయన మనుషులు కేకలు వేస్తుంటే చెయ్యి ఎత్తి ఆపాడు. నిన్నటిదాకా ప్రత్యర్థి, ఇకపై నా అధ్యక్షుడు అన్నాడు. బిల్డింగు సెక్యూరిటీ గార్డు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. "అంతేనా? అయిపోయిందా?" అని మూడుసార్లు అడిగాడు.

ఆ ప్రశ్న వెనక వాళ్ళ దేశం ఉంది. ఫిలిప్పీన్స్‌లో 2004 మే 10న పోలింగ్ జరిగితే, చేత్తో లెక్కపెట్టి అధ్యక్షురాలిగా అరోయో గెలిచిందని ప్రకటించేసరికి జూన్ 24 అయింది. ఓడిన సినిమా హీరో ఫెర్నాండో పో జూనియర్ ఒప్పుకోలేదు, కేసు వేశాడు. అది తేలకముందే ఆ డిసెంబర్‌లో చనిపోయాడు. మరుసటి ఏడు ఎన్నికల అధికారితో అరోయో మాట్లాడిన ఫోన్ టేపులు బయటికొచ్చాయి. ఆవిడ టీవీలో క్షమాపణ చెప్పింది. పదవిలో మాత్రం ఉండిపోయింది. మా దగ్గర ఓడిపోయేవాళ్ళుండరు, గెలిచినవాళ్ళూ మోసపోయినవాళ్ళే ఉంటారని అక్కడ చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఓడినవాడు గంట తిరక్కుండా ఓడాననడం ఆ గార్డుకి గెలుపు కంటే పెద్ద వార్త. మన దగ్గర ఎన్నికల గొడవలు చూసి పెరిగినవాణ్ణి, నాకూ గొంతులో ఏదో అడ్డం పడింది.

నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది మాత్రం అతే గురించి. అతే అంటే టగాలోగ్‌లో అక్క. నాకంటే మూడేళ్ళు పెద్ద, పక్క టీమ్ లీడరు. వాళ్ళది ఒలోంగపో, సుబిక్ బే నౌకా స్థావరం పక్క ఊరు. 1992లో అమెరికా నేవీ అక్కణ్ణుంచి వెళ్ళిపోయింది, వాళ్ళ పిల్లలు మిగిలిపోయారు. వాళ్ళలో ఒకతి అతే. తండ్రి నల్లజాతి నావికుడు. ఆమె పుట్టకముందే ఓడెక్కాడు. 1982లో అమెరికా ఇలాంటి పిల్లలు తమ దేశానికి వచ్చేందుకు చట్టం చేసింది. వియత్నాం, కొరియా, థాయిలాండ్ పిల్లలకి వర్తించింది, ఫిలిప్పీన్స్ పిల్లలకి వర్తించలేదు.

ఆ దేశంలో రంగు పట్టింపు మనకేం తీసిపోదు. ఏ షాపులో చూసినా బొప్పాయి సబ్బులు, తెల్లబడే క్రీములు. నన్ను సందులో పిల్లలు "బుంబాయ్" అని అరిచేవాళ్ళు. భారతీయులందరికీ అదే పేరు. మోటారుసైకిలు మీద తిరిగి అయిదు అప్పిచ్చి ఆరు వసూలు చేసే పంజాబీ వాళ్ళని చూసి, అల్లరి చేస్తే బుంబాయ్ సంచిలో వేసుకుపోతాడని తల్లులు బెదిరిస్తారు. నాకు అది బయట నుంచి వచ్చే మాట. అతేకి సొంత ఊళ్ళో, సొంత భాషలో, బళ్ళో పిలిచిన పేర్లు. నెల తిరిగేసరికి జుట్టు సాపు చేయించుకునేది. ఎంత డబ్బు పోసినా వారం రోజులకి నుదుటి దగ్గర ఉంగరాలు తిరిగేవి. మాట్లాడుతూ చూపుడువేలితో వాటిని వెనక్కి నొక్కుకుంటూ ఉండేది.

ఒంటిగంటకి షికాగోలో ఒబామా కుటుంబం వేదిక మీదికి వచ్చింది. అందరం ఆయన్నే చూస్తున్నాం. అతే పిల్లల్ని చూస్తోంది. పెద్దది ఎర్ర గౌను, చిన్నది నల్ల గౌను. ముందున్న అన్నం చల్లారిపోయింది, సినిగాంగ్ మీద నూనె తెట్టు కట్టింది. ఆమె వేలు నుదుటి దగ్గరే ఆగిపోయింది.

"చూడు, వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకున్నాడు," అంది నాతో, మెల్లగా.

ప్రసంగంలో ఏం చెప్పాడో ఆమె విన్నదనుకోను. పిల్లలకి కుక్కపిల్లని తెస్తానన్నప్పుడు మాత్రం నవ్వింది. అప్పుడే కళ్ళనుంచి నీళ్ళు కారాయి. నానాయ్ వచ్చి ఆ చల్లారిన గిన్నె తీసి వేడిది పెట్టింది, ఏమీ అడగలేదు.

కొన్నాళ్ళకి ఒకటి చదివి అతేకి చెప్పాను. 1899లో ఫిలిప్పీన్స్‌ని అణచడానికి అమెరికా పంపిన పటాలాల్లో నల్లజాతి సైనికులూ ఉన్నారు. వాళ్ళలో డేవిడ్ ఫేగన్ అనే అతను ఆ సైన్యం వదిలేసి ఫిలిపినోల వైపు వచ్చేశాడు, వాళ్ళ సైన్యంలో కెప్టెన్ అయ్యాడు. ఆమె శ్రద్ధగా విని ఒక్కటే అడిగింది: "అతనికి పిల్లలున్నారా?"

ఆ బుధవారం సాయంత్రం రూముకెళ్ళినా నిద్ర పట్టలేదు. ఆ రోజుల్లో మా చెల్లికి సంబంధాలు చూస్తున్నారు. నల్గొండలో ఒక పెళ్ళివారు వచ్చి, పిల్ల బంగారం, కాకపోతే ఛాయ తక్కువ, ఇంకో రెండు లక్షలు చూడండి అన్నారు. అప్పుడు నేను సెలవు మీద ఇంట్లోనే ఉన్నాను, ఒక్క మాట అనలేదు. నలుపు నారాయణుడు మెచ్చు అని నాయనమ్మ లోపల్నించి అంటే అందరూ నవ్వేశారు, నేనూ నవ్వాను. ఆ తర్వాత స్టూడియోవాడితో చెల్లి ఫోటో తెల్లగా చేయించి, నలుగురికీ మెయిల్ పెట్టింది నేనే.

ఇంటికి ఫోన్ చేశాను. నాన్న తీశాడు. ఇక్కడేం గొడవల్లేవు, ఉద్యోగం బాగానే ఉంది అని ముందు చెప్పి, ఆ స్టూడియో ఫోటో ఇక ఎవరికీ ఇవ్వొద్దు, మామూలు ఫోటో ఇవ్వండి అన్నాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. కాల్ కట్టయిందేమో అనుకున్నాను.

"ఏది, పెద్దనాన్న వాళ్ళ గృహప్రవేశంలో తీసిందా?" అన్నాడు.

"అదే."

"అందులో బాగుంటుంది అది," అన్నాడు నాన్న.