సిమ్స్ 4 కోసం రెండేళ్ల ఎదురుచూపు

2014 సెప్టెంబరులో, పాత్రల కుటుంబాలను పెంచి వారి జీవితాన్ని నడిపించే కంప్యూటర్ ఆట ‘ది సిమ్స్ 4’ విడుదలైనప్పుడు దానిని వెంటనే కొనాలా, ఆగాలా అని నేను చాలా రోజులు ఆలోచించాను. 2009లో వచ్చిన మూడవ భాగంలో నేను పెంచుతున్న కుటుంబం అప్పటికే నాలుగవ తరానికి చేరుకుంది. ఆ ఊరిలో ఏ ఇంటి నుంచి ఏ పార్కుకైనా మధ్యలో లోడింగ్ తెర అడ్డురాకుండా నడిచి వెళ్లగలగడం, సోఫా గుడ్డ మొదలుకొని గోడల వరకు ప్రతిదాని రంగునూ నా ఇష్టప్రకారం మార్చుకోగలగడం నాకు ఎంతో ప్రియమైన విషయాలు. కొత్త భాగంలో ఆ రెండూ లేవు. అప్పట్లో ఈత కొలనులూ లేవు. అన్నిటికంటే నన్ను బాధించినది తప్పటడుగుల వయసు పిల్లలు లేకపోవడం: ఉయ్యాలలోని పసికందు ఒక్కసారిగా బడికి వెళ్లే పిల్లవాడైపోయేవాడు. ముద్దుమాటలు వినిపించని ఇంటి కథ నాకు సగమే అనిపించింది.

అయినా కోపం, విచారం, ఉత్సాహం వంటి భావాలు పాత్రల పనులను మలిచే తీరు, మాట్లాడుకుంటూనే భోజనం చేయగలగడం నన్ను గట్టిగా ఆకర్షించాయి (అది నిజమైన ముందడుగేనని ఇప్పటికీ నమ్ముతాను).

చివరకు ఆగాను. కొలనులు అదే ఏడాది నవంబరులో ఉచితంగా చేరాయి. చిన్నారులు మాత్రం 2017 జనవరిలో గానీ రాలేదు. ఆ నెలలోనే కొన్నాను. 2022 అక్టోబరు నుంచి మూల ఆట అందరికీ ఉచితమైనప్పటికీ, నేను పెట్టిన డబ్బు గురించి నాకు విచారం లేదు, ఎందుకంటే కొన్న రాత్రే ఆటలోని ఇంట్లో ఒక చిన్నారికి మాటలు నేర్పించాను.