పైపు గ్యాసు వదిలి సిలిండర్‌కు వచ్చాక

మావారి ఉద్యోగరీత్యా మేము చాలాకాలం ముంబైలో ఉన్నాం. అక్కడ మా అపార్ట్‌మెంటుకు పైపు గ్యాసు సౌకర్యం ఉండేది కాబట్టి బుకింగ్, సీలు, బరువు వంటి మాటలతో నాకు పనే పడలేదు. మీటరు తిరిగేది, బిల్లు వచ్చేది, కట్టేవాళ్ళం. ఆయన పదవీ విరమణ చేశాక తెనాలిలోని సొంతింటికి వచ్చేశాం. అత్తగారు అన్నాళ్ళూ గుంటూరులో మా మరిది దగ్గర ఉండటం వల్ల ఆ ఇంట్లో గ్యాసు కనెక్షన్ లేదు, మా వీధికి పైపు గ్యాసు ఇంకా రాలేదు. అందువల్ల కనెక్షన్, స్టవ్, సిలిండర్ పెట్టే చోటు, అన్నీ మొదటి నుంచి చూసుకోవలసి వచ్చింది.

ముంబై నుంచి తెచ్చుకున్న స్టవ్ నిక్షేపంలా ఉంది, దాన్నే వాడుకోవచ్చని మావారి ఆలోచన. పక్కవీధి మెకానిక్ దాన్ని తిరగేసి, నాబ్ వెనక బర్నరులోకి గ్యాసు వదిలే సన్న రంధ్రపు జెట్‌ను చూసి, కుదరదన్నాడు. పైపులో వచ్చే సహజవాయువు కంటే సిలిండర్‌లో ఉండే ఎల్పీజీకి, అదే ఘనపరిమాణంలో, సుమారు రెండున్నర రెట్లు ఎక్కువ వేడి ఉంటుంది. అందుకే పైపు గ్యాసు స్టవ్ జెట్‌కు రంధ్రం పెద్దగా ఉంటుంది. అదే జెట్‌తో సిలిండర్ గ్యాసు వెలిగిస్తే అవసరానికి మించిన గ్యాసు వచ్చి, సరిపడా గాలి కలవక, మంట పసుప్పచ్చగా పైకి లేచి గిన్నెలన్నీ మసిబారిపోతాయి. జెట్లు మార్పించుకోవచ్చు. కానీ ఆ మోడల్‌కు సరిపోయేవి తెనాలిలో దొరకకపోవడంతో కొత్త స్టవ్ కొనడమే మేలనిపించింది.

కనెక్షన్ పనిలో పెద్ద కష్టమేమీ లేదు. ఆధార్, చిరునామా రుజువు, బ్యాంకు పాస్‌బుక్ తీసుకెళితే వేలిముద్రతో ఈ-కేవైసీ పూర్తయింది. పైపు గ్యాసు ఉన్న ఇంటికి సిలిండర్ కనెక్షన్ కూడా ఉండకూడదు కాబట్టి ముంబై కనెక్షన్ రద్దయినట్టు ఇచ్చిన కాగితాన్ని దగ్గర పెట్టుకోవడం మంచిదయింది. 14.2 కిలోల సిలిండర్‌కు 2,200 రూపాయలు, రెగ్యులేటర్‌కు 250 రూపాయలు డిపాజిట్. 2022 జూన్‌లో పెంచిన తరువాతి రేట్లు ఇవి. చిక్కంతా స్టవ్ దగ్గర వచ్చింది. మేము వెళ్ళిన ఏజెన్సీలో, స్టవ్ కూడా అక్కడే కొంటే తప్ప కనెక్షన్ రాదన్నట్టు మాట్లాడారు. ఐఎస్ఐ గుర్తు ఉన్న స్టవ్‌ను వినియోగదారు ఎక్కడైనా కొనుక్కోవచ్చు, ఏజెన్సీవారు దాన్ని పరీక్షించి బిగించాలి, అంతే. ఆ మాటే మావారు నెమ్మదిగా చెప్పి, అలా కాదనేటట్లయితే కాగితం మీద రాసి ఇమ్మని అడిగారు. రాసి ఇవ్వలేదు, స్టవ్ మాట మళ్ళీ ఎత్తలేదు.

కొట్టుకు బయలుదేరుతుంటే అత్తగారు వంటింట్లోంచి పిలిచి, "అమ్మాయ్, దోసెల పెనం, అయిదు లీటర్ల కుక్కరు సంచిలో పెట్టుకెళ్ళు" అన్నారు. స్టవ్ ఎంపికలో నాకందిన అతి విలువైన సలహా అది. కొట్టతను మొదట నల్లటి గాజు పలక ఉన్న నాలుగు బర్నర్ల స్టవ్ చూపించి, "తుడిస్తే అద్దంలా మెరుస్తుంది మేడమ్" అన్నాడు. దాని మీద ఒక మూల పెనం, పక్కన కుక్కరు పెట్టి చూశాను. పెనం అంచు కుక్కరు పొట్టను తాకి, కుక్కరు పక్కకు ఒరిగింది. నాలుగు బర్నర్లు ఉన్నాయన్న మాటేగానీ మన గిన్నెలతో ఒకేసారి రెండే వాడుకోగలం. అక్కడున్న స్టవ్‌లన్నిటి మీదా ఇదే పరీక్ష చేశాను. చివరికి, బర్నర్ల మధ్య ఎడం ఎక్కువగా ఉండి, నడిమి బర్నరు కాస్త వెనక్కి జరిగిన మూడు బర్నర్ల స్టవ్ ఒక్కటే పెనాన్ని, కుక్కరును, పాలగిన్నెను ఒకదానికొకటి తగలకుండా నిలబెట్టింది.

గాజు పలక వద్దనుకోవడానికి అందం కారణం కాదు. గట్టిపరచిన గాజే అయినా, వేడెక్కి ఉన్నప్పుడు చన్నీళ్ళు పడితే, లేదా బర్నరును మించిన వెడల్పు గిన్నె పెట్టి గంటల తరబడి మరిగిస్తే, ఆ వేడి కింద చిక్కుకుని గాజు పగిలే అవకాశం ఉంటుంది. మా ఇంట్లో పండగకు పులిహోర కలిపేది, కార్తీకంలో పదిమందికి వండేది పెద్ద ఇత్తడి గిన్నెలతోనే. అందుకే స్టెయిన్‌లెస్ స్టీలు తీసుకున్నాను. గీతలు పడతాయి, పడనీ. బర్నర్లు ఇత్తడివే కావాలని అడిగాను. అల్యూమినియం మిశ్రమంతో చేసినవి తేలికగా, చవకగా ఉంటాయి కానీ గంజి పొంగి పడినకొద్దీ త్వరగా పాడవుతాయి. చేత్తో ఎత్తి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

పెట్టె మీద ఐఎస్ఐ గుర్తు కింద ఐఎస్ 4246 అనే అంకె చూసుకోవాలి. ఆ ప్రమాణం ప్రకారం ఇళ్ళలో వాడే గ్యాసు స్టవ్‌కు ఉష్ణ సామర్థ్యం కనీసం 68 శాతం ఉండాలి. అంటే మంటలోని వేడిలో అంతమేరకైనా గిన్నెకు చేరాలి. ఫ్రిజ్‌లకు ఉన్నట్టే స్టవ్‌లకూ నక్షత్రాల గుర్తులు ఉన్నాయి, కానీ మా ఊరి కొట్లలో వాటి గురించి అడిగితే వింతగా చూశారు. నాబ్ తిప్పితే దానంతటదే వెలిగే ఏర్పాటు నేను కావాలనే తీసుకోలేదు. పాలు పొంగి దాని కొనకు అంటుకుంటే నిప్పురవ్వ రావడం మానేస్తుందని ముంబైలో చూసినదాన్ని, ఎలాగూ లైటరు కొనక తప్పదు.

బిగించడానికి వచ్చిన ఏజెన్సీ మెకానిక్ మాత్రం పని తెలిసినవాడు. గట్టు కింద సిలిండర్ కోసం మా వడ్రంగి తలుపులతో అందమైన అర చేసి పెట్టాడు. మెకానిక్ ఆ తలుపు తెరిచి చూసి, "అమ్మా, ఇలా మూసిపెట్టకూడదు, ఈ తలుపులు తీయించండి" అన్నాడు. ఎల్పీజీ గాలి కంటే బరువైనది. లీకైతే పైకి పోయి కిటికీలోంచి వెళ్ళిపోదు, నేల మీదే పరచుకుని మూలల్లో నిలుస్తుంది. గోడ పైభాగాన ఉన్న ఎగ్జాస్ట్ ఫ్యాను దాని విషయంలో ఎందుకూ పనికిరాదు. ఆ సాయంత్రమే తలుపులు తీయించి, బయటి గోడకు నేలమట్టంలో జాలీ పెట్టించాం. సిలిండర్ నిలువుగానే ఉండాలని, స్టవ్ ఎప్పుడూ దానికంటే ఎత్తులో ఉండాలని కూడా అతనే చెప్పాడు. లోపల ఉక్కు తీగల అల్లిక ఉన్న నారింజ రంగు సురక్షా ట్యూబు పొడవు మీటరున్నరకు మించకూడదు, మధ్యలో అతుకు ఉండకూడదు, అయిదేళ్ళకు మార్చాలి. మార్చవలసిన సంవత్సరాన్ని గట్టు అంచున పెయింటుతో రాయించాను.

సిలిండర్ తీసుకునేటప్పుడు చూడవలసినవి చాలామందికి తెలుసు, వాకిట్లో మనిషి నిలబడి ఉంటే అడగడానికే మొహమాటం. నేను ఆ మొహమాటం మానేశాను. సిలిండర్ మీద ఖాళీ బరువు రాసి ఉంటుంది. మొదటిదాని మీద 15.3 అని ఉంది. దానికి 14.2 కలిపితే 29.5 కిలోలు తూగాలి, 150 గ్రాముల దాకా తేడాను నిబంధనలు ఒప్పుకుంటాయి. తెచ్చిన అబ్బాయి కొంచెం విసుక్కున్నా తూకం వేసి చూపించాడు, సరిపోయింది. పిడి కింది పట్టీ మీద ఒక అక్షరం, రెండంకెలు ఉంటాయి. అది సిలిండర్ పరీక్ష గడువు. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి, సి, డి తరువాతి మూడేసి నెలలు, అంకెలు సంవత్సరం. ఆ గడువు దాటితే సిలిండర్‌ను మళ్ళీ పరీక్షించాలి కాబట్టి గడువు తీరినదాన్ని తీసుకోకూడదు. సీలు తీయించి, నైలాను తాడు పట్టి మూత లాగి, వాల్వులో కొద్దిగా నీళ్ళు పోసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. ఫోనుకు వచ్చే కోడ్ చెబితేనే డెలివరీ నమోదవుతుంది. మొదట్లో ఆ ఫోను మావారి జేబులో ఊరంతా తిరుగుతూ ఉండేది, ఇప్పుడు నా నంబరు ఇచ్చాం. ఇంటికి తెచ్చి ఇచ్చే ఖర్చు రశీదు ధరలోనే ఉంటుంది, అయినా పైన అడుగుతారు. ముప్పై కిలోల బరువు భుజాన మోసుకొచ్చే మనిషి మీద నాకు కోపం లేదు, ఆ పని అతనితో అలా చేయిస్తున్నవారి మీదే ఉంది.

వానాకాలంలో ఒక రాత్రి, ఆ రోజే మార్చిన సిలిండర్ దగ్గర వాసన వచ్చింది. ఎల్పీజీకి సొంత వాసన లేదు, లీకైతే తెలియాలనే ఇథైల్ మెర్కాప్టన్ కలుపుతారు. స్విచ్చులేవీ ముట్టుకోకుండా రెగ్యులేటర్ ఆపి, దాన్ని తీసి వాల్వుకు మూత బిగించి, తలుపులు తెరిచి, గ్యాసు లీకుల అత్యవసర నంబరు 1906కు ఫోను చేశాం. వచ్చినతను వాల్వు లోపలి రబ్బరు వాషరును కొనవేలితో తీసి చూపించాడు. ఒకచోట వెంట్రుకంత చీలిక ఉంది. కొత్తది వేసి, సబ్బు నీళ్ళు రాసి, బుడగలు లేవని తేల్చాక వెళ్ళాడు.

నన్ను కలవరపెట్టింది లీకు కాదు. వంటింటి పక్క గదిలోనే పడుకున్న అత్తగారికి ఆ వాసన తెలియలేదు. ఆ వయసులో ముక్కు అంత చురుగ్గా ఉండదు. మరునాడే గ్యాసు డిటెక్టరు తెప్పించాం. ముంబైలో మా ఇంట్లో అది పైకప్పుకు దగ్గరగా ఉండేది, సహజవాయువు తేలిక కాబట్టి. ఎల్పీజీకి మాత్రం నేలకు జానెడు ఎత్తులో బిగించాలి. బిగించడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్‌కు ఆ సంగతి తెలియక నిచ్చెన తెచ్చుకున్నాడు.

రోజువారీ వాడకంలో శ్రమ తక్కువే. మంట నీలంగా ఉన్నంతకాలం చింత లేదు. పసుపు కనబడితే బర్నరు మూత తీసి, సబ్బు నీళ్ళలో నానబెట్టి, చిల్లులు సూదితో పొడిచి, పూర్తిగా ఆరాకే పెడుతున్నాను. సిలిండర్‌లో ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి తడిగుడ్డతో నిలువునా తుడుస్తాను. ద్రవం ఉన్నంత ఎత్తు వరకు చల్లగా ఉండి తడి ఆలస్యంగా ఆరుతుంది, పైభాగం ముందే ఆరిపోతుంది. ఈ లెక్క ఉన్నా, సంక్రాంతి అరిసెల మధ్యలో గ్యాసు అయిపోయి పక్కింటి నుంచి సిలిండర్ అరువు తెచ్చుకోవలసి వచ్చింది. ఆ పండగ వెళ్ళగానే రెండో సిలిండర్‌కు దరఖాస్తు చేశాం. దానికీ 2,200 రూపాయల డిపాజిట్టే, రెగ్యులేటర్ అక్కరలేదు. నిండుది మూత బిగించి, ఎండ తగలని వెనక వసారాలో నిలువుగా పెట్టి ఉంటుంది. దాన్ని వంటింట్లోకి మార్చిన రోజే తరువాతి బుకింగ్ చేస్తున్నాం.