చిలక అడిగితే గినీ పిగ్స్ వచ్చాయి

"నాన్నా, చిలకని కొనివ్వవా?" అని మా పెద్దది మొదలుపెట్టి ఆర్నెల్లయింది. నాలుగో తరగతి. దాని వెనకే నాలుగేళ్ల చిన్నోడి వంత. కుక్కకి ఇంటి ఓనరు ఒప్పుకోడు. చిన్నదేదైనా చూద్దామని ఓ ఆదివారం విజయవాడలోనే ఒక పెట్ షాపుకి వెళ్లాం.

చిలక అనగానే షాపతను గొంతు తగ్గించి, "పచ్చ చిలకేనా సార్? రేపు రండి" అన్నాడు. ఆ గొంతులోనే సంగతి తెలిసిపోయింది. మన రామచిలకల్ని కొన్నా, అమ్మినా, పెంచినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమే. నక్షత్ర తాబేలూ అంతే. చెవి దగ్గర ఎర్రచార ఉన్న విదేశీ తాబేళ్ల తొట్టి ముందు మావాడు అతుక్కుపోయాడు. పశువుల డాక్టరుగారికి ఫోన్ చేస్తే, "ఐదేళ్లలోపు పిల్లాడున్న ఇంట్లో వద్దండీ, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా భయం" అన్నారు.

హామ్‌స్టర్ అనే చిట్టెలుక పగలంతా పడుకుని రాత్రి పంజరంలో చక్రం తిప్పుతుంది. నిద్రలో కదిలిస్తే కరుస్తుంది. కదిలించకుండా మావాడు ఉండడు. కుందేలు పరిగెత్తడానికి మా ఇంట్లో చోటు లేదు, కొరకడానికి వైర్లు మాత్రం బోలెడు.

మిగిలింది గినీ పిగ్, అంటే ఎలుక జాతికి చెందిన, తోక లేని బొద్దు జంతువు. ఒంటరిగా ఉండలేదు, కనీసం రెండు కావాలి. రెండూ ఆడవేనని షాపతను ఒట్టేసి ఇచ్చాడు. మర్నాడు డాక్టరుగారు ఒకదాన్ని వెల్లకిలా తిప్పి చూసి, "ఇది మగది. రెండు నెలలు దాటనివ్వండి, మీ ఇల్లంతా పిల్లలే" అని నవ్వారు. పరుగున వెళ్లి మార్చుకొచ్చాను. పేరు విని మా అమ్మ "ఇంట్లోకి పందిని తెచ్చావేంట్రా!" అంది.

మనలాగే వీటి ఒంట్లోనూ విటమిన్ సి తయారుకాదు. రోజూ కాస్త క్యాప్సికం పెట్టాలి. అసలు తిండి మాత్రం ఎండుగడ్డే, టిమోతి గడ్డి ఆన్‌లైన్‌లో తెప్పిస్తున్నాం. పచ్చి గరిక కూడా ఇష్టం. గుడి దగ్గర గరిక అమ్మే ఆవిడ "ఏం బాబూ, మీ ఇంట్లో రోజూ వినాయక చవితేనా?" అంటుంది. ఫ్రిజ్ తలుపు చప్పుడైతే చాలు, రెండూ కాళ్ల మీద లేచి "వీక్ వీక్" మంటాయి. చేతుల్లోంచి జారిపడితే ఎముకలు విరుగుతాయి కాబట్టి పిల్లలు కింద కూర్చుని, ఒళ్లో తువ్వాలు పరుచుకున్నాకే ఇస్తాం.

బెజవాడ ఎండ వీటికి అస్సలు పడదు. మే నెలంతా మధ్యాహ్నాలు పంజరం ఏసీ గదిలోనే. కరెంటు బిల్లు చూసి మా ఆవిడ ఏమీ అనలేదు, తీసుకెళ్లి ఫ్రిజ్‌కి అతికించింది.

ఐదు నుంచి ఏడేళ్లు బతుకుతాయట. అంటే పెద్దది పదో తరగతికి వచ్చేదాకా. ఈలోగా సంక్రాంతికి ఊరెళ్తే ఎవరు చూస్తారన్నదే టెన్షన్. పై పోర్షన్ అబ్బాయి సరేనన్నాడు. వాడికివ్వడానికి మా పెద్దది ఇప్పుడే చీటీ రాసి పెట్టింది: "ఉల్లిపాయ, బంగాళాదుంప పెట్టొద్దు. నీళ్లు రోజూ మార్చు. తువ్వాలు లేకుండా ఎత్తుకోవద్దు అన్నయ్యా."