అద్దె ఇంట్లో బ్యాగుల పని, జీఎస్టీ నంబరు కోసం నా పోరు

జీఎస్టీ నంబరు ఈ ఉదయమే వచ్చింది. కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.

అద్దె ఇంటి ముందుగదిలో మిషన్లు వేసుకుని స్కూలు బ్యాగులు కుట్టి అమ్ముతాను. ఏడాది అమ్మకాలు 20 లక్షల దరిదాపుల్లోకి కూడా రావు కాబట్టి ఇన్నాళ్లూ నంబరు అవసరం పడలేదు. బెంగళూరు దుకాణం ఒకటి ఆర్డరు ఇచ్చింది. పన్ను పడే సరుకు రాష్ట్రం దాటితే అమ్మకం ఎంత చిన్నదైనా రిజిస్ట్రేషన్ తప్పదు.

దరఖాస్తు పోర్టల్‌లో నేనే నింపాను. రుసుమేమీ లేదు. ఆధార్ ధ్రువీకరణ సాఫీగా అయిపోయింది.

ఆ తర్వాత వచ్చింది ఆర్‌ఈజీ-03, అంటే దరఖాస్తుపై అదనపు వివరాలు అడిగే నోటీసు. నివాస గృహంలో తయారీ ఎలా చేస్తారో చెప్పాలట. ఇంటి యజమాని పాన్ కార్డు, ఆమె గుమ్మం ముందు నిలబడిన ఫోటో జతచేయాలట. రిజిస్టరు చేయించిన అద్దె ఒప్పందం, ఇంటిపన్ను రసీదు అప్పటికే ఇచ్చాను. మా యజమానురాలు పెద్దావిడ. "ఫోటో దేనికమ్మా, ఇల్లేమైనా రాయించుకుంటారా?" అని బెదిరిపోయారు. సరే, ఆఫీసులోనే అడుగుదామని వెళ్లాను. అక్కడి ఉద్యోగి తలెత్తి కూడా చూడలేదు. "ఇంట్లో కుట్టుపనికి జీఎస్టీ ఏమిటమ్మా? ఎవరికి బిల్లులు కొట్టివ్వడానికి?" అన్నాడు. వరుసలో ఉన్నవాళ్లంతా నా వైపు తిరిగారు. నోట మాట రాలేదు. దొంగ బిల్లులవాళ్లు లేరనను. కానీ వాళ్లు ఏ కాగితం అడిగినా చిటికెలో పుట్టిస్తారు. చెప్పులరిగేది నిజంగా పని చేసుకునేవాళ్లకే.

గేటు బయట ఏజెంటు "నాకు వదిలేయండి మేడమ్" అన్నాడు. వదల్లేదు. ఆ రాత్రి కూర్చుని వెతికితే కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2025 ఏప్రిల్ 17న తన అధికారులకిచ్చిన 03/2025 ఆదేశం దొరికింది. యజమాని పాన్, ఫోటో వంటివి అడగవద్దని, ఈ చోట ఈ వ్యాపారం ఎలా సాధ్యమన్న ఊహాజనిత ప్రశ్నలు వేయవద్దని అందులో స్పష్టంగా ఉంది. అదనపు పత్రం కావాలంటే డిప్యూటీ లేదా అసిస్టెంట్ కమిషనర్ అనుమతి ఉండాలి. నా దరఖాస్తు కేంద్ర అధికారి పరిధిలోనే ఉంది. ఆదేశం సంఖ్య, తేదీ వేసి, ఆ అనుమతి ఉందా అని అడుగుతూ, నోటీసుకు బదులిచ్చే ఆర్‌ఈజీ-04 ఫారంలో జవాబు పెట్టాను. మరో ప్రశ్న లేకుండా ఆమోదించారు.

నోటీసు వస్తే ఆఫీసు చుట్టూ తిరగకండి. ఏడు పనిదినాల్లోగా రాతలోనే జవాబివ్వండి. నోటితో అడిగినదానికి ఎవరూ బాధ్యత వహించరు. ఏజెంట్లకు రూపాయి కూడా ఇవ్వకండి.

బెంగళూరు వాళ్లు ఆగలేక సగం సరుకు వేరేచోట కొనేశారు. మిగతా సగం రేపు బిల్లుతో పంపుతున్నాను.