తరంగంబాడిలో కిరీటం కింద గుడి

మా అమ్మమ్మది సూళ్లూరుపేట. ‘మాది లూథరన్ గుడి’ అని, అంటే మార్టిన్ లూథర్ బాటలో నడిచే ప్రొటెస్టెంట్ల చర్చి అని, కొంచెం గొప్పగానే చెప్పుకునేది. 1865లో మైలియస్ అనే జర్మన్ మిషనరీ హెర్మన్స్‌బర్గ్ మిషన్ తరఫున అక్కడికి వచ్చి పని మొదలుపెట్టాడు. అయితే లూథరన్ మిషన్ మన దేశంలో మొదట కాలుపెట్టింది తమిళనాడు తీరంలోని తరంగంబాడిలో, అప్పట్లో అది డెన్మార్క్ వాళ్ల స్థావరం. అది చూద్దామని అమ్మని తీసుకుని నెల్లూరు నుంచి కారులో బయల్దేరాను. చెన్నై ట్రాఫిక్ గురించి అడక్కండి.

అక్కడి న్యూ జెరూసలేం చర్చి చూడగానే ‘ఇంతేనా’ అనిపించింది, నిజం చెప్తున్నా. ఆకాశానికి లేచిన శిఖరం లేదు, తెల్లటి సున్నం గోడలు, వంపులు తిరిగిన ముందు గోడ, అంతే. కానీ గుమ్మం పైకి చూస్తే సున్నపు పనిలో ఒక కిరీటం, దాని కింద డెన్మార్క్ రాజు నాలుగో ఫ్రెడరిక్ గుర్తు, 1718 అనే అంకె. దానికింద నిలబడి చాలాసేపు నవ్వుకున్నాను. ఎందుకంటే 1706లో ఇక్కడ దిగిన తొలి లూథరన్ మిషనరీలు సీగెన్‌బాల్గ్‌ని, ప్లూషౌని పంపించింది ఆ రాజే, తర్వాత సీగెన్‌బాల్గ్‌ని ఈ ఊళ్లోని డాన్స్‌బోర్గ్ కోటలో నాలుగు నెలలు జైల్లో పెట్టింది ఇక్కడి డేనిష్ అధికారే! పైవాడు పంపిస్తే కిందివాడు పడనివ్వకపోవడం అప్పుడూ ఉందన్నమాట.

లోపల కట్టడం సిలువ ఆకారంలో ఉంటుంది, నాలుగు చేతులూ దాదాపు ఒకే పొడవు. గోడలు మందం కాబట్టి బయట ఎండ మండుతున్నా లోపల చల్లగా ఉంది. బలిపీఠం దగ్గర సీగెన్‌బాల్గ్ సమాధి. 1718 అక్టోబరులో గుడి ప్రతిష్ఠ జరిగితే 1719 ఫిబ్రవరిలో పోయాడు, అప్పటికి 36 ఏళ్లు. జైల్లో ఎన్ని నెలలు ఉన్నాడో తను కట్టించిన గుడిలోనూ ఇంచుమించు అన్నే నెలలు.

ఆయన పోయిన ఏడాదే షుల్జ్ అనే మరో జర్మన్ మిషనరీ వచ్చాడు, ఆ తర్వాత మద్రాసు చేరి తెలుగు నేర్చుకున్నాడు. 1746లో జర్మనీలోని హాలేలో తెలుగు పుస్తకం అచ్చు వేయించింది ఈయనే. అచ్చయిన తొలి తెలుగు పుస్తకాల్లో అదొకటి. ఇదంతా నేను చెబుతుంటే అమ్మ విననేలేదు. చెప్పులు బయట విడిచి, బెంచీ మీద కూర్చుని, సూళ్లూరుపేటలో నేర్చుకున్న పాటేదో తెలుగులో సన్నగా పాడుకుంటోంది.