ఎదిగాక సరిపోతుందిలే

"ఇప్పుడున్న సైజులో నేను నీకు వద్దా అమ్మా?"

మా అమ్మాయి ఈ మాట అని నెల దాటింది. తనకి 13 ఏళ్లు. నేను తెలుగులో అడిగిన దానికి ఇంగ్లీషులో జవాబు చెప్పడం అలవాటైపోయిన పిల్ల. ఆ రోజు మాత్రం ఈ వాక్యం తెలుగులోనే, ఎక్కడా తడుముకోకుండా అంది. అని, తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. విసురుగా కూడా వెయ్యలేదు. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

గొడవంతా ఒక సైకిల్ గురించి. రోడ్ బైక్ కావాలని ఏడాదిగా అడుగుతోంది. వంపు హ్యాండిల్, సన్న టైర్లు ఉండేది. తను దాచుకున్న డబ్బుకి మేము కొంత కలిపినా కొత్తది, నమ్మకమైనది వచ్చేలా లేదు. సెకండ్‌హ్యాండ్ చూద్దామన్నాను. సరేనంది. వెతగ్గా వెతగ్గా ఒకటి దొరికింది. పెద్దగా తొక్కింది కాదు, గీతలు లేవు, గేర్లు మంచివి, రేటు మా లెక్కలోకి వచ్చింది. ఒక్కటే లోపం. ఫ్రేమ్, అంటే సైకిల్ గొట్టాల చట్రం, సైజు 52.

పిల్ల ఎత్తు 152 సెంటీమీటర్లు. ఆ ఎత్తుకి 46, 48 సైజుల దగ్గర వెతకాలి. నాకు తెలియక కాదు, సైజుల పట్టిక చూశాను. చూసి కూడా 'ఎదిగే పిల్ల, రెండేళ్లలో అదే సరిపోతుందిలే' అనుకున్నాను.

అమ్మే ఆయన ఇంటి ముందు తను ఆ సైకిల్ ఎక్కడం ఇప్పటికీ కళ్లముందు ఉంది. రెండు కాళ్ల మధ్య బారు పెట్టుకుని నిలబడితే మడమలు నేలకి ఆనడం లేదు. సీటు మీద కూర్చుని హ్యాండిల్ అందుకోబోతే భుజాలు చెవుల దాకా లేచాయి. మోచేతులు కర్రల్లా బిగుసుకున్నాయి. బ్రేక్ లీవర్ల మీద వేళ్ల కొసలు ఆనుతున్నాయంతే, పట్టు చిక్కడం లేదు. "సీటు దించితే సరిపోతుంది" అన్నాను. తను మెల్లగా దిగి, సైకిల్ జాగ్రత్తగా గోడకి ఆనించి, "నేను దీన్ని తొక్కను" అంది. దారి పొడుగునా మాట్లాడలేదు. ఇంటికొచ్చాక నేను డబ్బు విలువ గురించి మొదలుపెట్టాను. అప్పుడు అన్న మాట అది.

నాకు సైకిల్ వచ్చింది మా నాన్నగారి సైకిల్ మీద. సీటు ఎక్కితే కాళ్లు అందవు. అందుకని బారు కిందనుంచి కాలు దూర్చి, ఒళ్లంతా ఒక పక్కకి ఒంచి, సగం సగం పెడల్ తొక్కుతూ నేర్చుకున్నాను. మోకాలి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. అప్పటినుంచీ నా మనసులో సైకిలంటే మనకన్నా పెద్దది, దానికి మనమే అలవాటుపడాలి. వస్తువే మనకి సరిపోవాలని నాకెవరూ చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదు.

మొదటిసారి రోడ్ బైక్ కొనేవాళ్లకి, ముఖ్యంగా ఎదిగే పిల్లలకి కొనేవాళ్లకి, నేను ఆలస్యంగా తెలుసుకున్నది చెప్తాను. సీటు ఎత్తు దించుకోవచ్చు, పెంచుకోవచ్చు. సీటు నుంచి హ్యాండిల్ దాకా ఉండే దూరం అలా కాదు, అది ఫ్రేమ్‌తోనే వస్తుంది. హ్యాండిల్‌ని పట్టి ఉంచే స్టెమ్ పొట్టిది వేస్తే రెండు మూడు సెంటీమీటర్లు కలిసొస్తాయేమో, అంతకుమించి రాదు. చేతులు అందడం లేదని సీటునే ముందుకు జరిపితే మోకాళ్లు పెడల్‌ని దాటి ముందుకొచ్చేసి నొప్పులు మొదలవ్వొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, ఒకేసారి గట్టిగా బ్రేక్ వెయ్యాల్సి వస్తే లీవర్ చేతి నిండా అందాలి. అందని బ్రేకు ఎంత ఖరీదైనదైతే ఏం లాభం?

మర్నాడు కొలుద్దామన్నాను. అసలు మొదట చెయ్యాల్సిన పని అదే. చెప్పుల్లేకుండా, గోడకి వీపు ఆనించి నిలబడాలి. మందపాటి పుస్తకం ఒకటి కాళ్ల మధ్య పెట్టి, సీటు మీద కూర్చుంటే ఎంత ఒత్తుకుంటుందో అంత గట్టిగా పైకి నొక్కి పట్టాలి. పుస్తకం పై అంచు దగ్గర గోడ మీద గీత గీసి, నేల నుంచి గీత దాకా కొలవాలి. ఇంట్లో అంత మందం పుస్తకం ఒక్కటే ఉంది, తెలుగు నిఘంటువు. పిల్లకి నాలుగేళ్లప్పుడు కొన్నాను, ఎదిగాక చూసుకుంటుందని. తొమ్మిదేళ్లుగా పై అరలోనే ఉంది. కొత్త అట్ట వాసన ఇంకా పోలేదు. తీసి ఇవ్వబోతుంటే నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తనే అందుకుని గోడ దగ్గర నిలబడింది.

70 సెంటీమీటర్లు వచ్చింది. మూడుసార్లు టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పోటీ గెలిచిన గ్రెగ్ లెమాండ్ పేరు మీద ఒక లెక్క వాడుకలో ఉంది. ఈ కొలతని 0.883తో గుణిస్తే పెడల్స్ తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు వస్తుంది. మా అమ్మాయికి 61.8. ఇది మొదలుపెట్టడానికి పనికొచ్చే అంకె, తొక్కి చూసి కాస్త అటూ ఇటూ మార్చుకోవాలి. తను కాలిక్యులేటర్ నొక్కుతుంటే నేను గోడ మీద గీత చూస్తూ ఉండిపోయాను. రెండేళ్ల తర్వాత తను ఎంత ఎత్తవుతుందో నా దగ్గర లెక్క ఉంది. ఇవాళ తన కాలు ఎంత పొడుగో నాకు తెలియదు.

ఆలోచిస్తే అన్నీ అలాగే కొన్నాను. బూట్లు ఒక సైజు పెద్దవి. కోటు భుజాలు జారేది. వస్తువులతో ఆగితే బాగుండేది. తెలుగు క్లాసులో కూడా పై తరగతిలో కూర్చోబెట్టాను, వింటూ ఉంటే అదే వస్తుందని. అక్కడ తనకన్నా గడగడా మాట్లాడే పిల్లల మధ్య నోరు విప్పడం మానేసింది. ఇంట్లో ఇంగ్లీషులో జవాబులు మొదలైంది ఆ తర్వాతే. ఇన్నాళ్లూ స్కూలు ప్రభావం అనుకున్నాను, స్నేహితులు అనుకున్నాను. ఇప్పుడు అంత గట్టిగా అనుకోలేకపోతున్నాను.

సైకిల్ సంగతికి వస్తాను. సైజు కుదిరిన వాటిలోంచే ఎంచుకోవాలని తేలాక పని సులువైంది. గేర్ల గురించి నేను చాలా టెన్షన్ పడ్డాను గానీ అంత అవసరం లేదు. గేర్లు చేసే షిమానో కంపెనీలో వెనక 8 గేర్లుండే క్లారిస్, 9 ఉండే సోరా, 10 ఉండే టియాగ్రా, ఆపైన 105 అనే రకం, ఇలా మెట్లుంటాయి. మొదటి సైకిల్‌కి క్లారిస్ హాయిగా చాలు. బ్రేకూ గేరూ ఒకే లీవర్‌లో ఉండటం మాత్రం పిల్లల విషయంలో వదులుకోకూడదని నా అభిప్రాయం. షిమానో ఈ పద్ధతి తెచ్చింది 1990లో. అంతకుముందు సైకిళ్లలో గేరు మార్చాలంటే ఒక చెయ్యి హ్యాండిల్ వదిలి కిందనున్న గొట్టం దగ్గరికి వెళ్లాలి. పాతవి చవగ్గా దొరుకుతాయి, అందంగానూ ఉంటాయి, కానీ వాహనాల మధ్య పిల్ల చెయ్యి వదలడం నేను ఊహించుకోలేను.

ఎత్తులు ఎక్కాలంటే ముందు చిన్న పళ్లచక్రానికి 34 పళ్లు, వెనక పెద్దదానికి 32 గానీ 34 గానీ ఉన్నవి చూడండి. 34కి 34 అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక చుట్టు, అంటే రెండు మీటర్ల పైచిలుకు. లేత కాళ్లకి అది పెద్ద ఊరట. డిస్క్ బ్రేకులు వానలో మంచివే, కానీ తక్కువ డబ్బులో వచ్చే తీగ లాగే డిస్కులకన్నా చక్రం అంచుని పట్టే రిమ్ బ్రేకులే, బాగుంటే, నయమని రెండూ తొక్కి చూశాక అనిపించింది. బరువు గురించి అసలు బెంగపడకండి. పోటీలకి వాడే సైకిల్ 6.8 కిలోలకి తగ్గకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ నియమం. మేము చూసినవన్నీ 10 కిలోలకి అటూ ఇటూ. పిల్ల, నీళ్ల సీసా, బ్యాగు కలిపాక ఆ కిలో, అరకిలో ఎక్కడ తెలుస్తుంది?

టైర్లకి మాత్రం ప్రాణం పెట్టాలి. ఫ్రేమ్‌లో పడితే 25 మిల్లీమీటర్లది వద్దు, 28 వేయించండి, ఇంకా వెడల్పు పడితే మరీ మంచిది. గాలి కాస్త తగ్గించి తొక్కొచ్చు, చేతులకి అదురు తగ్గుతుంది. ఈ టైర్ల గురించి చదువుతుంటే జాన్ బాయిడ్ డన్‌లప్ కథ తగిలింది. ఆయన పశువుల డాక్టరు. స్కాట్‌లాండ్‌లో పుట్టి, బెల్‌ఫాస్ట్‌కి వెళ్లి స్థిరపడ్డాడు. 1887లో కొడుకు మూడు చక్రాల సైకిల్ గట్టి రబ్బరు చక్రాల మీద కుదుపుతుంటే చూడలేక, రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రాలకి కట్టాడు. మరుసటి ఏడు పేటెంట్ వచ్చింది. రాబర్ట్ థామ్సన్ 1840ల్లోనే ఇలాంటి దానికి పేటెంట్ తీసుకున్నాడని తేలి, అది నిలవలేదు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టనిది పేటెంట్ గురించి కాదు. పరాయి చోట బతుకుతున్న తండ్రే ఆయన కూడా. పిల్లాడు ఆ రోజు కుదుపులకి ఇబ్బంది పడుతున్నాడని, ఆ రోజే చూశాడు.

మూడో సైకిల్ చూడటానికి వెళ్లినప్పుడు జరిగింది చెప్పాలి. పరీక్షలన్నీ తనే నేర్చుకుంది. ముందు బ్రేకు బిగించి పట్టి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపి చూసింది, హ్యాండిల్ మెడ దగ్గర టకటకమంటే లోపల వదులైనట్టు. చక్రాలు గాల్లోకి లేపి తిప్పి, వంకర ఉందేమో చూసింది. స్కూలు స్కేలు చైన్ మీద పెట్టింది. ఒక పిన్ను దగ్గర సున్నా పెడితే 12 అంగుళాల గీత దగ్గర సరిగ్గా ఇంకో పిన్ను రావాలి. అంగుళంలో పదహారో వంతు దాటితే చైన్ మార్చాలి. ఎనిమిదో వంతు దాటిందంటే వెనక పళ్లచక్రాలు కూడా అరిగిపోయి ఉంటాయి, ఆ ఖర్చు మన నెత్తిన పడుతుంది.

అమ్మే ఆయన పక్కనే ఉన్నాడు కాబట్టి నేను అమ్మాయితో ఇంగ్లీషులో మాట్లాడుతున్నాను. ఇంట్లో తెలుగు, తెలుగు అని వెంటపడేదాన్ని నేనే. బయట నలుగురు ఉంటే ముందు ఆపేసేదాన్నీ నేనే. తను ఫ్రేమ్ కింద కూర్చుని, రెండు గొట్టాలు కలిసే చోట గోటితో గీరుతూ, గొంతు తగ్గించి, "అమ్మా, ఇక్కడ గీత ఉంది. రంగు మీద కాదు, లోపలికి ఉంది" అంది. నేను ఇంగ్లీషులో "ఏంటి?" అని పైకే అడిగాను. తను తలెత్తి నన్ను చూసి, "తెలుగులో మాట్లాడమ్మా" అంది.

నేను కూడా వంగి చూశాను. వెల్డింగ్ పక్కనుంచి వెంట్రుకలాంటి గీత గొట్టం చుట్టూ తిరుగుతోంది. ఆయనకి థాంక్స్ చెప్పి వచ్చేశాం. బస్సులో ఇంటిదాకా తెలుగులోనే మాట్లాడింది. సగం మాటలు తప్పులే. 'వదులు' అనే మాట దొరక్క చేతులు ఊపి చూపించింది. నేను ఒక్క తప్పు కూడా దిద్దలేదు. అలా ఊరుకోవడం నాకెంత కష్టమైందో నాకే తెలుసు.

చివరికి 48 ఫ్రేమ్ దొరికింది. అల్యూమినియం, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ కార్బన్, క్లారిస్ గేర్లు. ముందే కొంత డబ్బు పక్కన పెట్టాం కాబట్టి హెల్మెట్, లైట్లు, పంపు, పంక్చర్ సామాను కొనగలిగాం. కొత్తది కొన్నా చాలా రోడ్ బైకులకి పెడల్స్ రావు, ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇంతా చెప్పి, నేను చేసింది సరైనదేనా అంటే గట్టిగా చెప్పలేను. రెండేళ్లకి ఇది చిన్నదవుతుంది. అప్పుడు మళ్లీ డబ్బు ఎక్కడినుంచి తేవాలి? "తర్వాత తమ్ముడికి వస్తుందిలే" అని ఇంటికి తెచ్చిన రోజే అనేశాను. వాడు పక్కనే నిలబడి విన్నాడు. పైగా నేను పెద్ద సైకిల్ మీదే నేర్చుకున్నాను కదా, పడ్డాను గానీ వచ్చింది కదా అని లోపల ఇంకా వాదన నడుస్తూనే ఉంది. అందని దాన్ని అందుకోవాలనే తపనతోనే మేము ఇంత దూరం వచ్చాం. అన్నీ సరిపోయేవే ఇస్తే పిల్లలకి ఆ తపన ఎక్కడినుంచి వస్తుంది? లేక, ఆ తపన నాకు మిగిల్చింది మోకాలి మీద మచ్చేనా? మా ఆయన్ని అడిగితే రెండూ నిజమే కావచ్చన్నారు. నాకు ఆ జవాబు చాలలేదు.

ఆ రోజు కొలిచాక తను 70 అని, పక్కన తేదీ, నిఘంటువు మొదటి తెల్లకాగితం మీద పెన్సిల్‌తో రాసుకుంది. నిన్న మళ్లీ పుస్తకం దించి గోడ దగ్గర నిలబడింది. 70.5 వచ్చింది. దాన్ని కింద రాసి, "స్టెమ్ మార్చాలా అమ్మా?" అంది.

"ఇప్పుడే వద్దు" అన్నాను.